అరికాళ్ళకు పూయకూడని నూనె

నా చిన్నప్పుడు అని నేను మొదలుపెడితే చాలు, నిన్నగాక మొన్న పుట్టినదానివి నీకు చిన్నప్పుడేమిటే అని మా అమ్మ నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. ఈ పొద్దున ఫోనులో పాత కార్ల గ్రూపు తెరిచేసరికి ఒకాయన పెట్టిన సలహా చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. గేర్‌బాక్స్‌కి ఒక నూనె, వెనక ఇరుసుకి ఇంకో నూనె అనేదంతా అమ్ముకునేవాళ్ళ మోసమట. మంచి చిక్కటి నూనె ఒకటే కొని రెండింట్లోనూ పోసెయ్యాలట, లోపల ఉండేవి ఇనుప పళ్ళే కదా అని. కింద వరసగా మెచ్చుకోళ్ళు. సరిగ్గా ఆ పని వల్లే నాకు ఏం పోయిందో ఆయనకు తెలియదు.

అప్పుడు మేము బెంగుళూరులో ఉండేవాళ్ళం. ఎండాకాలం సెలవులకు నన్ను చిత్తూరులో తాత, అవ్వల దగ్గర వదిలేవాళ్ళు. తాత అంటే మా అమ్మవాళ్ళ నాయన. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. ఆయనకొక స్పోర్ట్స్ కారు ఉండేది. మద్రాసులో చదువుకునే రోజుల్లో ఎవరిదో చూసి ఆశపడి, ఉద్యోగమొచ్చాక ఎక్కడెక్కడో వెతికి పాతది కొన్నాడట. ఎర్రగా, రెండే సీట్లతో, గుడ్డ టాపుతో, నేలకు అంటుకున్నట్టు ఉండేది. వీధిలో కుక్క ఎదురొస్తే దాని కళ్ళలోకి చూస్తూ హారన్ కొట్టాలి.

సీట్లో కూర్చుంటే ముందు అద్దంలోంచి రోడ్డు కనబడేంత ఎత్తు అయినప్పుడు మొగిలి ఘాట్ ఎక్కించి పలమనేరు తీసుకుపోతానని తాత నాకు మాటిచ్చాడు. ప్రతి సెలవులకూ బస్సు దిగగానే పోయి ఆ సీట్లో కూర్చుని చూసుకునేదాన్ని. ఎప్పుడు చూసినా డాష్‌బోర్డే కనబడేది. ఆ ఏడు మాత్రం రోడ్డు కనబడింది. సెలవులైపోయే రోజు మా నాయన బెంగుళూరు నుంచి పలమనేరుదాకా బస్సులో వచ్చేటట్టు, తాత నన్ను కారులో తీసుకుపోయి అక్కడ అప్పగించేటట్టు పెద్దవాళ్ళు అనుకున్నారు. మరుసటి రోజే బడి. ఘాట్ ఎక్కడమంటూ ఉంటే ఆ రోజే ఎక్కాలి.

మా మామ, అమ్మ తమ్ముడు, ఊరి బయట లారీల షెడ్డు నడిపేవాడు. ముందురోజు సాయంత్రం తాత ఎవరి పెళ్ళికో పోయి ఇంట్లో లేని సమయం చూసి, తండ్రిని సంతోషపెడదామని కారుకు నూనె మార్చేశాడు. లారీలకు వెనక ఇరుసు నడుమ గుండ్రంగా బుడిపెలా ఉంటుంది చూడండి, దాన్ని షెడ్డువాళ్ళు క్రౌన్ అంటారు. తాతేమో డిఫరెన్షియల్ అనేవాడు. దానికి పోసే చిక్కటి నూనె డబ్బా తెచ్చి మామ కారు క్రౌన్‌లోనూ పోశాడు, గేర్‌బాక్స్‌లోనూ పోశాడు.

పొద్దున్నే బయలుదేరాం. అవ్వ తలంటి పంపుతానంటే వద్దంటే వద్దని నేను గొడవ చేశాను. మొదటి గేరులో వాకిలి దాటాం. రెండో గేరు వెయ్యబోతే కారు కింద ఎవరో గులకరాళ్ళు నమిలినట్టు కరకరమంది. తాత ముఖం మారిపోయింది. ఆగి, మళ్ళీ కదిలించి వేసి చూశాడు. మళ్ళీ అదే కరకర. వీధి చివర కారు తిప్పి, మొదటి గేరులోనే మూలుగుతూ ఇంటికి తెచ్చి ఆపాడు. మామ అరుగు మీద కాఫీ తాగుతున్నాడు.

"ఏం పోసినావురా దీంట్లో?"

"క్రౌన్ ఆయిలే నాయనా, రెండిట్లోనూ. నిండు లోడు లారీ ఘాట్ ఎక్కతాది దాంతో."

"ఇది లారీనారా?"

"లారీ అయింటే ఇంత గారాబం చేసేవాడివా? ఇనుముకు నూనే కదబ్బా, ఏదైతే ఏముండాది!"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. దిగి టైరును ఎగిరి తన్నాను. వేలు వాచింది గానీ టైరుకేమీ కాలేదు. శబ్దం వస్తే రానీ, చెవులు మూసుకుంటాను, పోదాం పద తాతా అని అరిచాను. "శబ్దం కాదు అమ్మణ్ణీ, గేరు పండ్లు అరిగిపోతాండాయి ఆడ" అని మాత్రం అన్నాడు. చొక్కా విప్పేసి కారు కింద చాప పరిచాడు.

గేర్‌బాక్స్ నూనె కిందికి కారాలి. అది తేనెలాగా సన్నగా, తాపీగా కారుతోంది. పళ్ళెం పక్కన కూర్చుని తొందరగా కారమని దాన్ని తిట్టాను. ఇంకా పలచటి, గట్టి మందులేవీ కలపని సాధు నూనె కావాలని తాత మామను బజారుకు పంపాడు. మామ స్కూటరు మీద ఊరంతా తిరిగాడు. ఏ అంగట్లో అడిగినా "అన్నిటికీ ఒకటే అన్నా" అని క్రౌన్ డబ్బానే చేతిలో పెట్టారట. ఆఖరికి ఫోను చేస్తే తిరుపతిలో ఒక అంగడివాళ్ళు ఉందన్నారు. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతామన్నారు. మా వైపు మందులైనా, పెళ్ళి పత్రికలైనా, మోటారు సామానైనా అట్లాగే ప్రయాణం చేసేవి. ఇక ఆ బస్సు కోసం కాచుకోవడమే పని.

ఎట్లాగూ ఇంట్లోనే ఉన్నావు కదా అని అవ్వ నన్ను పట్టుకుని తలంటుకు కూర్చోబెట్టింది. మాడు మీద ఆముదం పెట్టి తట్టింది. చేతులకూ కాళ్ళకూ నువ్వుల నూనె పట్టించింది. నేను బుసకొడుతూ, అన్నిటికీ ఆముదమే పూసి తొందరగా కానీ అన్నాను. కారు కిందనుంచి తాత బయటికొచ్చాడు. ఏమనుకున్నాడో ఏమో, అవ్వ గిన్నెలోంచి ఆముదం తీసి నా అరికాళ్ళకు దట్టంగా పూశాడు.

"ఏమయ్యా, బుద్ధుండాదా నీకు? బిడ్డ నడుము ఇరగ్గొడతావా?" అని అవ్వ కేకలేసింది.

"ఉండు మే. పాపకు గేరు వేసేది నేర్పిస్తాండా" అన్నాడు తాత. తను వరండాలో గబగబా నడుస్తాడట. నేను వెనకనుంచి ఉరికి, తనతో సమంగా వచ్చి, చెయ్యి పట్టుకోవాలట. ఉరికాను. కాలు కింద ఆనితే గదా! ఉన్నచోటే కాళ్ళు ఆడుతున్నాయి, తాత ముందుకు పోతున్నాడు. అంత దూరంనుంచే చెయ్యి అందుకోబోయి ఆయన మోచేతిని గోళ్ళతో గీరి, వెల్లకిలా పడబోయాను. ఆయనే పట్టుకున్నాడు. అరుగు మీదున్న మామకు నవ్వాగలేదు.

తర్వాత తాత నన్ను కూర్చోబెట్టి, తువ్వాలుతో నా అరికాళ్ళు రెండూ నూనె జిడ్డు పోయేదాకా తుడిచి మళ్ళీ ఉరకమన్నాడు. ఈసారి నాలుగంగల్లో ఆయన పక్కకు చేరాను. చెయ్యి చేతిలో పడింది. ఏ గీతా పడలేదు.

"గేర్‌బాక్స్‌లో ఇత్తడి ఉంగరాలుంటాయి. తిరిగే చక్రంతో సమంగా ఉరికి, ఆనక చెయ్యి కలిపేది వాటి పని. వాటికి కాలు ఆనాల. మీ మామ వాటి అరికాళ్ళకు పూసినాడు. పైగా దాంట్లో కలిపిన మందు ఇత్తడిని కొద్దికొద్దిగా తినేస్తాది."

మామ నవ్వు ఆగిపోయింది. "అయితే క్రౌన్‌లోది కూడా తీసేయాల్నా?" అని అడిగాడు.

"దాన్ని ముట్టొద్దు. ఆడ పండ్లు ఒకదాని మీదొకటి అడ్డంగా జారతా ఒరుసుకుంటాయి. సాధు నూనె పోస్తే కొరుక్కోని సస్తాయి. ఆడ నువ్వు పోసిందే సరి." ఆ ఒక్క మాటకు మామ మళ్ళీ మనిషయ్యాడు. తనే లేచి పోయి బస్‌స్టాండులో కూర్చున్నాడు.

నాకు మాత్రం ఇవేవీ వద్దు, ఘాట్ కావాలి. తిరుపతి బస్సు ఎంతసేపటికీ రాదు. పలమనేరులో కాచుకుని కాచుకుని విసిగిపోయిన నాయన, ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి తనే చిత్తూరు వస్తానన్నాడు. మామ డబ్బా తెచ్చేసరికి పొద్దు వాలింది. తాత నూనె పోసి, బిగించి, లేచి ఆకాశం వైపు చూశాడు. కారు లైట్లు మిణుకుమిణుకుమంటాయి. వాటిని నమ్ముకుని ఆ మలుపుల్లో బిడ్డను తీసుకుపోనన్నాడు. నేను అన్నం తినలేదు.

పలమనేరులో దిగి బస్సు మారితే బడికి అందుకోలేమని నాయన అనడంతో, తెల్లారి మొదటి బస్సుకు తాతే కారులో దింపాడు. రెండే సీట్లు కాబట్టి మా నాయన పెట్టె పట్టుకుని ఆటోలో వెనక వచ్చాడు. వీధిలోకి రాగానే తాత నా చెయ్యి తీసి గేరు కర్ర మీద పెట్టి, పైన తన చెయ్యి వేశాడు. మొదటి గేరులోంచి కర్ర వెనక్కి లాగి నడుమకు తెచ్చాడు. నేను అక్కడినుంచి ఇంకా వెనక్కి, రెండో గేరుకు లాగబోయాను. ఆయన చెయ్యి కదలనివ్వలేదు. "ఆగు" అన్నాడు. ఒక గుక్క గాలి పీల్చుకునేంత సేపు. "ఇప్పుడు." పెరుగులోకి గరిటె దిగినట్టు దిగింది. అంతలోనే బస్‌స్టాండు వచ్చేసింది.

మొగిలి ఘాట్ మలుపులన్నీ ఆ రోజు బస్సు కిటికీలోంచి చూశాను. మళ్ళీ సెలవులకు వచ్చేసరికి తాత మోకాళ్ళు క్లచ్ తొక్కనివ్వలేదు. ఇప్పుడు కారు మామ షెడ్డులో ఉంది. కొత్తగా చేరినవాడెవడైనా తెలియక క్రౌన్ డబ్బా పట్టుకుని గేర్‌బాక్స్ దగ్గరికి పోతే, "అరికాళ్ళకు పూస్తావారా!" అని అరుస్తాడు మామ. వాళ్ళకు అర్థం కాదు.

ఘాట్ ఎక్కలేదనే కోపం నాకింకా పోలేదు, పోదు కూడా. ఈ పొద్దున కూడా గ్రూపులో ఆయనకు ఘాటుగా నాలుగు మాటలు రాసి, పంపబోయాను. తెర మీదికి పోయిన బొటనవేలు అక్కడే నిలిచింది. "ఆగు" అన్నట్టు వేళ్ళ మీద ఎవరిదో గరుకు చెయ్యి, పల్చగా ఆముదం వాసన. రాసిందంతా చెరిపేశాను. మీ గేర్‌బాక్స్‌లో ఇత్తడి ఉంగరాలున్నాయా సార్, అని అడిగి పంపాను.