చిన్నాయన ముగించనివ్వని నక్క కథ

మొన్న ప్రొద్దుటూరు ప్రెస్సులో నా బొమ్మల కథ పుస్తకాల కట్ట చేతికిస్తూ, ప్రెస్సాయన అట్ట మీది నక్కను చూసి, "ఏందక్కా, దీనికింత గడుసు మొగం పెట్నావు? ఎవుర్నన్నా చూసి గీసినావా?" అన్నాడు. నవ్వి కట్ట అందుకున్నాను. చూసే గీశాను. అది మా చిన్నాయన మొహం.

జమ్మలమడుగులో ఉన్న రోజుల్లో, మా నాన్న తమ్ముడైన ఆ చిన్నాయన ఎండాకాలం సాయంత్రాలు మమ్మల్ని పెన్న ఇసుకలోకి తీసుకుపోయి, తలా గుప్పెడు బొరుగులు పంచి, నక్క కథ చెప్పేవాడు. ఏట్లో నీళ్ళు తాగుతున్న నక్క కాలును మొసలి పట్టుకుంటుంది. "పిచ్చి మామా, నువ్వు పట్టుకునింది చెట్టు వేరు, నా కాలు ఈడుండాది" అంటుంది నక్క. మొసలి కాలొదిలి వేరు పట్టుకుంటుంది, నక్క ఒకటే పరుగు. చెబుతూ చెబుతూ మాలో ఎవరిదో ఒకరి కాలు గబుక్కున పట్టుకునేవాడు. కెవ్వుమనేవాళ్ళం. ఒకసారి నేను, "ఏట్లో నీళ్ళే లేవు, మొసలి యాడ్నుంచి వచ్చె చిన్నాయనా?" అని అడిగితే, "నీళ్ళు లేకనే గదా పాపా దానికంత ఆకలి!" అన్నాడు. ఆయన దగ్గర జవాబు లేని ప్రశ్న నేను ఈ రోజుకీ కనిపెట్టలేదు.

డ్రాయింగు టీచరుగా రిటైరయ్యాక ఆ కథను బొమ్మల్లో గీయాలనిపించింది. అప్పటికి చిన్నాయన వేంపల్లెలో కూతురింట్లో మంచాన ఉన్నాడు. షుగరు జబ్బు ముదిరి మోకాలి కింద కాలు తీసేశారు. ఆయన ఉండగానే పుస్తకం చేతిలో పెట్టాలని నా తాపత్రయం. ఒక ఆదివారం బస్సెక్కి మొదటి పేజీలు తీసుకుపోయాను. మొసలి కాలు పట్టుకున్న బొమ్మ దగ్గర ఆగిపోయాడు. ఆ పేజీ దాచి ఉంటే పోయేది అనిపించింది. ఆయన దుప్పటి సర్దుకుని, "ఈ తూరి మొసలి ఏమారలేదు పాపా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వెంటనే, "తోక యాడన్నా అట్లుంటాదా? మల్లా గీసుకోని రాపో" అన్నాడు.

తోక దిద్దుకుని పోతే చెవులు బాగాలేవన్నాడు. చెవులు దిద్దితే, కథలో ఒక మాట మరిచిపోయానన్నాడు. ఇలా ఎన్ని ఆదివారాలో! మా ఆయన పులివెందుల మనిషి, ఏదీ కడుపులో దాచుకోడు. "అసలు నక్క మీ చిన్నాయనే. పుస్తకం ఐపోతే నువ్వు రావని తెల్దా ఆయప్పకు?" అన్నాడు. ఆ సంగతి తెలిశాక నేను మాత్రం తక్కువ తిన్నానా? మీసంలోనో, గోటిలోనో, ఎక్కడో ఒకచోట కావాలనే తప్పు గీసి తీసుకుపోయేదాన్ని. ఆయన పట్టేవాడు. పట్టినందుకు ఎంత సంతోషమో ఆ మొహంలో! నా ఎత్తు ఆయనకూ తెలిసే ఉంటుంది. ఒకరినొకరు ఏమార్చుకుంటూ ఇద్దరం ఆ పుస్తకాన్ని ముగియనివ్వలేదు.

చివరి పేజీలో నక్కకు ఐదో కాలు గీసి పెట్టుకున్నాను, ఏమంటాడో చూద్దామని. శనివారం ఫోను వచ్చింది, చిన్నాయన పోయాడని. దినాలు అయిపోయాక ఆ కాలు చెరిపేసి, ఒక్క పూటలో పుస్తకం ముగించాను. ఇప్పుడు చూసినవాళ్ళంతా శానా బాగుందంటున్నారు, ఒక్కరూ వంక పెట్టరు. అదే నాకు బాధ. ఆదివారం మాత్రం ఎప్పట్లాగే పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. నాకిక పోయే పని లేదని దానికి ఎవరు చెప్పాలి?