పోలిరాజు మాస్టారి వాసనలు

మా పోలిరాజు మాస్టారికి లోకమంతా ముక్కుతోనే తెలుస్తుంది. పోర్ట్‌బ్లెయిర్‌కి ఎదురుగా ఉన్న బాంబూఫ్లాట్ బడిలో ఆయన కెమిస్ట్రీ, నేను తెలుగు చెప్పేవాళ్లం. పొద్దున్నే ఎదురుపడితే నమస్కారం ఉండదు. దగ్గరికొచ్చి ఓసారి గాలి పీల్చి, "శంకరరావుగారూ, అరటిపండు తిన్నారు. ఐసోఅమైల్ ఎసిటేట్" అనేవారు. ఆ పేరు విన్నాక అరటిపండు వలవాలంటేనే నాకు జంకు పుట్టింది.

ఫీనిక్స్ బే రేవులో ఓడ టికెట్ల క్యూలో ముందున్నావిడ అనాసపళ్ల సంచి మీదికి వంగి కళ్లు మూసుకున్నారోసారి. "కొంటావా భయ్యా, ఊరికే పీలుస్తావా?" అని ఆవిడ నిలదీసింది. ఈయన అక్కడే పాఠం మొదలెట్టారు. ఒక ఆమ్లం, ఒక ఆల్కహాలు, నాలుగు చుక్కల గంధకామ్లం, కాస్త వేడి. రెండూ కలిసేటప్పుడు నీరు విడిపోతుంది, పండ్ల పరిమళాన్నిచ్చే ఎస్టర్ మిగులుతుంది. అనాసపండు వాసననిచ్చే ఆమ్లం విడిగా ఉంటే కుళ్లిన వెన్న కంపు కొడుతుందట. ఆవిడ సంచి మూతి కట్టేసుకుంది.

ఫెరార్గంజ్‌లో ఒక పెళ్లిలో అప్పగింతలవేళ పెళ్లికూతురి తల్లి ఏడుస్తుంటే, "ఏడవనివ్వండి, నీరు పోతేనే పరిమళం" అన్నారు. ఆ తరువాత ఆయనకు శుభలేఖలు తగ్గాయి.

సునామీ వచ్చాక, మిట్ట మీదున్న మా బడి శిబిరమైంది. నాలుగో రోజున, మూడు దీవుల జనాన్ని ఎక్కించుకొచ్చిన ఓడలో ఆరేళ్ల పిల్ల ఒకతె దిగింది. ఎవరి బిడ్డో ఎవరికీ తెలియదు. అమ్మడూ అని పిలుచుకున్నాం. వచ్చినవాళ్లంతా తెలుగులో, హిందీలో, బెంగాలీలో పేరడిగారు. అడిగినప్పుడల్లా మోకాళ్లలో తల దాచుకునేదే తప్ప నోరు విప్పేది కాదు. వారంలోగా ఎవరూ రాకపోతే చెన్నైలో ఒక అనాథాశ్రమానికి పంపేస్తామని అధికారులన్నారు.

మేము బియ్యం బస్తాలు మోస్తుంటే పోలిరాజు మాస్టారు రోజూ ఆ పిల్లను ల్యాబుకు తీసుకెళ్లి సీసాలు కలుపుతూ కూర్చునేవారు. పిల్ల వచ్చిన అయిదో రోజు నాకు ఒళ్లు మండి, ఇది ఆటలకు సమయమా అని అడిగేశాను.

ఆయన గొంతు తగ్గించారు. "అందరూ పేరేంటి, ఊరేంటి, అమ్మేదని అడుగుతున్నారండీ. ఆ ప్రశ్నలన్నీ దాన్ని మళ్లీ ఆ నీళ్లలోకే తోస్తున్నాయి. ఇదేం వాసనో చెప్పమంటే ఏ నొప్పీ లేదు కదా."

నేనూ పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. ఆయన సాలిసిలిక్ ఆమ్లంలో మిథైల్ ఆల్కహాలు పోసి, గంధకామ్లం చుక్కలు వేసి, పరీక్షనాళికను వేడినీళ్లలో నిలబెట్టారు. కాసేపటికి అందులోది సోడా కలిపిన నీళ్లలో ఒంపారు. పిల్ల ఆయన నేర్పినట్టే దూరంగా నిలబడి, వాసనను చేత్తో ముక్కువైపు విసురుకుంది. మళ్లీ విసురుకుంది.

"మా మామ్మ మోకాలు" అంది.

మాస్టారు తలెత్తలేదు. నాళిక కడుగుతూ, మామ్మ మోకాలికి ఏం రాసుకుంటుందని మామూలుగా అడిగారు. నొప్పుల మందంది. ఎవరు రాస్తారంటే తనేనంది. ఆ మాట వెంట మిగతావీ వచ్చేశాయి. మామ్మ పేరు గవరమ్మ, ఉండేది హట్ బే, అమ్మేది ఇడ్లీలు. తల్లీతండ్రీ లేని ఆ పిల్లను చిన్నప్పటినుంచీ పెంచుతున్నది ఆవిడే. నేను కాగితం మీద రాసుకుని, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను.

పోర్ట్‌బ్లెయిర్ శిబిరాల్లో వెతికిస్తే రెండోనాడే గవరమ్మ దొరికింది. వేరే ఓడలో వచ్చి, ఆవిడా మనవరాలి కోసం కనిపించిన ప్రతివాణ్నీ అడుగుతోందట. ఫెర్రీ దిగి కుంటుకుంటూ వచ్చిన మామ్మను వాటేసుకుని అమ్మడు మాటలు మొదలుపెట్టింది. ఓడ గురించి, కిచిడీ గురించి, గంధకామ్లం ముట్టుకోకూడదన్న సంగతి గురించి చెప్పి చెప్పి, మర్నాటికీ ఆపలేదు.

మూడో రోజు గవరమ్మ మాస్టారి దగ్గరికొచ్చి చేతులు జోడించింది.

"దీని నోరు ఇంటికాడ ఒక్క గడియ మూతపడదు బాబూ. ఇక్కడ అన్ని రోజులు ఎలాగ ఊరుకుందో, ఆ కిటుకేదో నాకూ కాస్త సెప్పండి."