లంకకు వినపడని దండోరా

గోదావరి తన పాయల మధ్య ఉన్న మా లంకను ముంచిన ఏడు నేను అక్కడి బడిలో పంతులుని. రెండు పగళ్లు, రెండు రాత్రులు తాటాకు కప్పుల మీదే కూర్చున్నాం. పశువులు కళ్లముందే కొట్టుకుపోయాయి. గట్టు నుంచి మాకోసం పడవ వచ్చింది మూడో రోజున. ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో రాశాను. బడి రిజిస్టర్లు నీటిపాలైనా డైరీని తలపాగాలో చుట్టి కాపాడుకున్నాను.

నీరు తీశాక మంత్రిగారు వచ్చారు. గట్టు మీదే కారు దిగి, దండలు వేయించుకుని, "ముందుగానే దండోరా వేయించాం, లంకవారే కదల్లేదు" అని చెప్పి వెళ్లిపోయారు. మేము సర్కారును అడుగుతున్నది ఒక్కటే, లంకలో ఎప్పుడూ కట్టి ఉంచేందుకు ఒక నావ. తప్పు మాదేనని తేలితే ఆ నావ రాదు.

దండోరా వేసిన మాట అబద్ధం కాదు. కాగితాల్లో గట్టు మీది ఊరూ మా లంకా ఒకే గ్రామం. గట్టు మీద వేయించి, గ్రామమంతటా వేసినట్టు రాసుకున్నారు. మధ్యలో గోదావరి పాయ ఉన్న సంగతి ఆ రాతలో లేదు. అదే అర్జీలో రాసి, మొదటి సంతకం నేనే పెట్టాను. సర్కారు జీతం తీసుకునేవాడివి నీకెందుకని బంధువులు కోప్పడ్డారు.

విచారణకు రెవెన్యూ అధికారి వచ్చి, ఆయనా గట్టు మీదే కుర్చీ వేయించుకున్నారు. గట్టు మీది పడవను పిలిపించుకుని మేమే పాయ దాటి వెళ్లాం.

"డప్పు మోత ఆ మాత్రం దూరం వినపడదా?" అని నన్నడిగారు.

నేను డైరీ తెరిచేలోపే, వరదలో పాడి ఆవును పోగొట్టుకున్న ముసలావిడ ముందుకొచ్చింది.

"పుస్తకాలెందుకండి బాబూ. తమరు మా లంకకి దయచెయ్యండి. ఇక్కడ డప్పు కొట్టించండి. తమరికి వినపడితే అర్జీ మేమే చింపేసుకుంటాం."

అధికారి ఒక క్షణం ఆలోచించి లేచారు. ఆనాడు దండోరా వేసినందుకు సాక్ష్యానికి పిలిపించిన డప్పు కొట్టే అతనివైపు ఆవిడ తిరిగింది.

"మా మీద జాలిపడి మెల్లిగా కొట్టకు తమ్ముడూ."

"ఆయ్, జబ్బలు పడిపోయేదాకా కొడతానండి."

లంక ఒడ్డున దిగి నిలబడ్డాం. గాలి మా వైపు నుంచి గట్టుకు వీస్తోంది. అధికారి గడియారం చూసుకున్నారు.

"ఇంకా మొదలెట్టలేదా?"

"ఎప్పుడో మొదలెట్టేడండి," అంది ముసలావిడ. "అదిగో, చెయ్యి ఆడుతోంది చూడండి."

చూశారు. అవతల చెయ్యి లేస్తోంది, పడుతోంది. ఇవతల ఒడ్డుకు తగిలే నీటి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇంకాస్త గట్టిగా కొట్టమంటే..." అన్నాడు ఆయన గుమాస్తా.

"ఆ మాట చెప్పడానికీ పడవెక్కాలండి," అందావిడ.

అందరం నవ్వాం. అధికారి నవ్వలేదు. ఫైలు తెప్పించుకుని, 'హెచ్చరిక అందినది' అన్న వాక్యం కొట్టేసి 'అందలేదు' అని తన చేత్తో రాశారు. నా డైరీలోని ఆ మూడు రోజుల పుటలు గుమాస్తా చేత నకలు తీయించుకున్నారు.

మంత్రిగారికి మా మీద పగేమీ లేదు. పాయ దాటి చూడాలని తోచలేదు, అంతే. పాలించేవారిలో అది చిన్న లోపమని నేను ఇప్పటికీ అనను.

తర్వాతి వానాకాలానికి ముందే నావ వచ్చింది. గోదావరి మళ్లీ పొంగిన రోజున నీరు బడి మెట్లు తాకకముందే ముసలివాళ్లనూ, పసిపిల్లల తల్లులనూ దాటించాం. ఈసారి పశువులను కూడా. చివరి విడతలో నేను ఎక్కాను. గట్టు చేరి తలలు లెక్కపెట్టుకున్నాం. లంకలో ఎంతమందిమి ఉన్నామో అంతమందిమీ అక్కడున్నాం.