ఒకే వరుసలో మూడు కంచాలు

అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చాక, నాకు మాట్లాడే మనిషి దొరికేది స్కూల్ బస్ వచ్చే వేళకే. బస్ ఆగే చోట ఒక బెంచీ ఉంది. మనవరాలి కోసం నేను, వాళ్ల వాళ్ల మనవల కోసం ఇంకో ఇద్దరు, మొత్తం ముగ్గురు ముసలివాళ్లం అక్కడ కూర్చునేవాళ్లం. ఒకామెది ఇజ్రాయెల్. ఇంకొకామె పాలస్తీనా మనిషి, అన్న సంసారం గాజాలో ఉంది. నేను చదివింది మూడో తరగతి. వాళ్ల ఇంగ్లీషు నాకంటే కాస్త మెరుగు, అంతే. అయినా మోకాళ్ల నొప్పుల గురించి, కొత్తిమీర కట్ట ధర గురించి చెప్పుకోవడానికి ఎంత భాష కావాలి? ఇజ్రాయెల్ ఆమె నవ్వితే బెంచీ కదిలేది. నేను పేపర్ టవల్ ఉతికి ఆరేసి మళ్లీ వాడతానంటే ఈ దేశంలో మెచ్చుకున్నది పాలస్తీనా ఆమె ఒక్కతే.

తర్వాత అక్కడ యుద్ధం వచ్చింది. మొదట ఇజ్రాయెల్ ఊళ్ల మీద పడి జనాన్ని చంపారు, ఎత్తుకుపోయారు. ఆపైన గాజా మీద బాంబులు. ఇక్కడ పాలస్తీనా ఆమె కారు దిగడం మానేసింది. ఇజ్రాయెల్ ఆమె మెయిల్ బాక్సుల దగ్గర నిలబడటం మొదలుపెట్టింది. ఎవరి దగ్గరికి వెళితే రెండోవాళ్లకి పరాయిదాన్నవుతానో అని నేను బెంచీ మీదే కూర్చున్నాను. చలికాలమంతా అలాగే గడిచింది.

మా ఊళ్లో పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుంటే, కొన్నాళ్లాగి ఎవరో పెద్దవాళ్లు ఇద్దరినీ భోజనానికి పిలిచేవారు. ఒకరొస్తున్నట్టు ఇంకొకరికి చెప్పరు. ఒకే పంక్తిలో పక్కపక్కన కూర్చోబెడతారు. ఎదుటివాడి ముఖం చూడక్కర్లేదు, విస్తరి చూసుకుంటే చాలు. మజ్జిగన్నం దాకా లేవకుండా తిన్నారంటే మాటలు కలిసినట్టే. మధ్యలో లేస్తే మాత్రం ఇక ఆ తరానికి అంతే.

కాల్పులు ఆపడానికి పెద్దపెద్దవాళ్లు ఏదో దేశంలో బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని మాట్లాడుతున్నారని అమ్మాయి చెప్పింది. ఎదురెదురుగా కూర్చోబెడితే ఎలా కుదురుతుంది అనుకున్నాను.

అమ్మాయి ఆఫీస్‌కి వెళ్లిన రోజు చూసి ఇద్దరినీ పిలిచాను. మాది మాంసం వండని ఇల్లు, ఇద్దరి మతాలకీ అడ్డులేదు. మామిడికాయ పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. డైనింగ్ టేబుల్‌కి ఒకే వైపు, గోడకి ఎదురుగా మూడు కుర్చీలు వేసి, మధ్యది నాకని ఉంచుకున్నాను.

పాలస్తీనా ఆమె ముందొచ్చింది. గోడ వైపు తిరిగి ఎందుకు కూర్చోవాలో అర్థంకాకపోయినా కూర్చుంది. రెండో ఆమె గుమ్మంలో ఆగిపోయింది. నేను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. పప్పు వడ్డించాను, తిన్నారు. నా గుండె కాస్త కుదుటపడింది.

ఇజ్రాయెల్ ఆమె గోడనే చూస్తూ మెల్లగా అడిగింది. "యువర్ బ్రదర్?"

"నో ఫోన్," అంది పాలస్తీనా ఆమె. "లాంగ్ టైమ్, నో ఫోన్."

ఈసారి ఈమె అడిగింది. "యువర్ గ్రాండ్‌సన్? ది బిగ్ వన్?"

"ఆర్మీ."

"వేర్?"

ఆమె జవాబు చెప్పలేదు. ఆ చెప్పకపోవడం మా ముగ్గురికీ అర్థమైంది. పాలస్తీనా ఆమె చెంచా పక్కన పెట్టింది.

"లేవకమ్మా, సగంలో లేవకూడదు," అన్నాను తెలుగులోనే. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, లేచి వెళ్లిపోయింది. ఇజ్రాయెల్ ఆమె కంచంలోది మొత్తం తింది. వెళుతూ, "యూ షుడ్ టెల్ మీ," అంది. కోపంగా అని ఉంటే బాగుండేది.

సాయంత్రం సంగతి విని అమ్మాయి తల పట్టుకుంది. "అమ్మా, ఇదేమన్నా గట్టు తగాదా అనుకున్నావా? ఇక వాళ్ల జోలికి వెళ్లకు."

నాలుగు రోజులు ఊరుకున్నాను. అయిదో రోజు పాలస్తీనా ఆమె ఇంటికి వెళ్లాను, చేతిలో ఏమీ తీసుకోకుండా. తిండి పట్టుకెళితే మళ్లీ పిలవడానికొచ్చాననుకుంటుంది. లోపలికి రానిచ్చింది. శబ్దం లేకుండా టీవీ నడుస్తోంది. ఇద్దరం చాలాసేపు దాన్నే చూశాం. లేవబోతుంటే నా చీర కొంగు పట్టుకుని అడిగింది.

"దట్ బాయ్. హి ఈజ్ అలైవ్?"

ఆ మాట ఎందుకడిగిందో నేను అడగలేదు. అడిగే ఇంగ్లీషు ఉన్నా అడిగేదాన్ని కాదు.

మర్నాడు మెయిల్ బాక్సుల దగ్గరికి వెళ్లి కనుక్కున్నాను. బతికే ఉన్నాడంది. నేను కారు వైపు తిరిగి తల ఊపాను. అద్దం వెనక ఆమె కళ్లు మూసుకుంది. అప్పుడు ఇజ్రాయెల్ ఆమె నా మోచేయి పట్టుకుని, కారు వైపు చూడకుండా, "బ్రదర్?" అంది.

కబురు లేదని చెయ్యి తిప్పాను.

ఇప్పుడు రోజూ అదే పని. ఇటు నుంచి అటు ఒక మాట, అటు నుంచి ఇటు ఒక మాట. నా మోకాళ్ల సంగతి ఇద్దరిలో ఎవరూ అడగరు, నేనూ చెప్పను. ఆ రెండు మాటలూ చేరవేశాక నడిరోడ్డు మీద నాకు నిలబడే చోటు ఉండదు. వచ్చి బెంచీకి ఒక కొసన కూర్చుంటాను.