చెవి మీది పెన్సిల్

పెన్సిల్‌ని ఒక్కచోట కూర్చోబెట్టడం బ్రహ్మతరం కాదని వాళ్ళావిడ పెళ్ళయిన వారానికే తేల్చేసింది. టీ నిలబడే తాగుతాడు. అన్నం తింటూ రెండుసార్లు లేస్తాడు. నిద్రలో కూడా కాళ్ళు క్లచ్చూ బ్రేకూ తొక్కుతూనే ఉంటాయి. పాత కార్లు బాగుచేయడం అతని పని. కుడి చెవి మీద ఎప్పుడూ ఒక లావుపాటి పెన్సిల్ ఉంటుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది; అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని తనే వెనక్కి తిరిగి చూస్తాడు. ఏ పనైనా తెమలకపోతే ఆ పెన్సిల్ చివర కొరుకుతాడు. కుర్రతనంలో కారు స్టార్టు చేయడానికి తిప్పే ఇనప హ్యాండిల్ ఎదురు తన్ని పైపన్ను ఒకటి ఊడింది, అందుకని అతని పంటిగాట్ల వరసలో మధ్య ఒక ఖాళీ ఉంటుంది. షెడ్డులో పెన్సిల్ ముక్క దొరికితే అది ఎవరిదని అడగక్కర్లేదు.

బావ బాగు కోరేవాడు బావమరిది అంటారు. పెన్సిల్ మాత్రం ఇరవై రెండేళ్ళుగా బావని ఏడిపించడమే పనిగా పెట్టుకున్నాడు. అంటే, తన అక్క మొగుణ్ణి. ఒకప్పుడు ఇద్దరూ ఒకే షెడ్డులో ఉండేవాళ్ళు. పెన్సిల్ మెకానిక్, బావ డ్రైవరు. రిపేరైన కారుని బావ ట్రయల్ కొట్టి ఓనరు ఇంటికి చేర్చేవాడు. ఒకరోజు కళ్ళ డాక్టరుగారి కారు తీసుకెళ్ళి, వాలురోడ్డు దిగి, తిన్నగా ఆ డాక్టరుగారి గేటు స్తంభాన్నే గుద్దాడు. నుదుటికి అయిదు కుట్లు పడ్డాయి.

"పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. ఎంత తొక్కినా దిగలేదు" అన్నాడు బావ.

షెడ్డు యజమాని పెన్సిల్‌ని పిలిచి అడిగాడు. పొద్దున్నే చక్రాలు విప్పి బ్రేకులు చూసింది అతనే. "బంగారంలా ఉన్నాయండీ" అన్నాడు. గుద్దిన కారులో పెడల్ గట్టిగానే ఉంది కదా అని ఎవరో అంటే, ఇంజను ఆగితే ఏ కారు పెడలైనా గట్టిపడుతుందని శాస్త్రం కూడా చెప్పాడు. అబద్ధమాడలేదు, తెలిసిందే చెప్పాడు. దాంతో బావ కునుకు తీశాడని అందరూ తీర్మానించేశారు. అక్క కూడా, "నిద్ర పట్టిందని ఒప్పేసుకోరాదూ, క్షమించి వదిలేస్తారు" అని పోరుపెట్టింది. నాలుగోరోజు బావ వెళ్ళి తలవంచుకుని, రెప్ప పడినట్టుందండీ అన్నాడు. క్షమించారు గానీ, మళ్ళీ స్టీరింగ్ మాత్రం ఇవ్వలేదు. కొన్నాళ్ళకి ఓ అయిదంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపే ఉద్యోగంలో చేరాడు.

అప్పట్నుంచి ఇంట్లో నలుగురు చేరితే చాలు, పెన్సిల్ మొదలుపెట్టేవాడు. "మా బావకో దిండు తెండి, పాపం, లిఫ్టు తోలి అలిసిపోయాడు." అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. బావ కూడా నవ్వేవాడు.

అన్నేళ్ళూ పట్టా కప్పుకుని మూలన పడున్న ఆ కారునే, ఈమధ్య డాక్టరుగారి కూతురు పెన్సిల్ సొంత షెడ్డుకి పంపింది. నేను నడుపుకుంటాను, కొత్తదానిలా చేసివ్వండి అంది. కారు షెడ్డులోకి రాగానే పెన్సిల్ అక్కకి ఫోన్ చేశాడు. "మా బావ పరుపొచ్చిందే!"

ఏడు నెలలు పట్టింది. ఇంజను కుదిరింది, రంగు ఆరింది. ఇక మిగిలింది వాక్యూం గొట్టాలు. ఇంజను గాలి పీల్చే పీల్పుని ఆ రబ్బరు గొట్టాలే తీసుకెళ్ళి అక్కడా ఇక్కడా పని చేయిస్తాయి. సన్నవి కార్బొరేటర్ చుట్టూ తిరుగుతాయి. వేలు లావున్నది ఒకటి బ్రేకు బూస్టరుకి వెళ్తుంది. మన కాలికి ఆ పీల్పు తోడైతేనే పెడల్ మెత్తగా దిగేది. మర్నాడు తొమ్మిదింటికి డాక్టరుగారి కూతురు వస్తానంది. పెన్సిల్ మధ్యాహ్నం నుంచి పాత గొట్టం పక్కన కొత్తది పెట్టి, కొలిచి, కోసి, తొడుగుతున్నాడు. సన్నవన్నీ అయ్యాయి. లావుపాటి పాతది తీసి, అలవాటుకొద్దీ నోట పెట్టుకుని ఊదాడు.

గాలి వెళ్ళలేదు.

తీగ దూర్చాడు. జానెడు వెళ్ళి ఆగిపోయింది. "ఎవడో తలమాసినవాడు ఏదో కుక్కాడు" అని తిట్టుకుంటూ బ్లేడుతో గొట్టాన్ని నిలువునా చీల్చాడు. నల్లటేపు చుట్టిన పెన్సిల్ ముక్క ఒకటి జారి అరచేతిలో పడింది. చివర పంటిగాట్లు ఉన్నాయి, మధ్యలో ఖాళీతో.

చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్ళింది. పెన్సిల్ అక్కడే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు డాక్టరుగారి ఇంజను మిస్సింగ్ కొడుతోంది. గాలి ఎక్కడ లీకవుతోందో తేల్చుకోవడానికి బ్రేకు గొట్టం ఊడదీసి, చెవి మీది పెన్సిల్‌కి టేపు చుట్టి లోపలికి దూర్చాడు. ఇంజను నున్నగా తిరిగింది. అయితే లీకు బూస్టరులోనే అనుకుని, గొట్టం ఫ్యానులో పడకుండా తాత్కాలికంగా తిరిగి తగిలించాడు. ఇంతలో ఇంకో కారాయన కేకేస్తే పరిగెత్తాడు. ఇంజను నున్నగా తిరగడం చూసి పని అయిపోయిందనుకున్న బావ, బానెట్ మూసి తాళాలు తీసుకున్నాడు. ఆ సాయంత్రం పెన్సిల్ పోయిందని షెడ్డంతా వెతుక్కున్నది కూడా గుర్తొచ్చింది. బావ నుదుటికి కుట్లు వేస్తున్నప్పుడు తను వెతుక్కున్నది దాన్నే.

కొత్త గొట్టం ఒకవైపు తొడిగాడు, తీసేశాడు, మళ్ళీ తొడిగాడు. బిగించే క్లిప్పు మూడుసార్లు చేజారింది. దిండు తెండి అన్న మాటే చెవుల్లో గింగురుమంటోంది. చేతులైనా కడుక్కోకుండా స్కూటర్ ఎక్కాడు.

లిఫ్టులో బావ ఎప్పటిలాగే స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. వీపు గోడకి ఆనించడు. ఇంట్లో కూడా పగలు నడుం వాల్చడు. ఇదేం పంతమో అని ఇన్నాళ్ళూ నవ్వుకున్న పెన్సిల్ ఇవాళ ఆ వీపు వంక చూడలేక లిఫ్టు బొత్తాల వంక చూశాడు.

"ఏంటోయ్, ఇటొచ్చావు? మీ అక్క బాగానే ఉందా?"

"బాగానే ఉంది బావా. నీతో ఒక మాట..."

ఫైళ్ళు పట్టుకుని ఒకావిడ ఎక్కింది. నాలుగు నొక్కాడు బావ. నాలుగులో ఇద్దరు గుమాస్తాలు ఎక్కారు. కిందికి, పైకి, మళ్ళీ కిందికి. పెన్సిల్ జేబులో ముక్కని నలుపుతూ, ఎవరైనా ఎక్కితే గోడకి అతుక్కుపోతూ, కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాడు. చివరికి లిఫ్టు ఖాళీ అయింది. ముక్క తీసి చేతిలో పెట్టాడు.

"నాదే. డాక్టరుగారి కారు బ్రేకు గొట్టంలో దొరికింది. ఆ రోజు నేనే పెట్టి, తియ్యడం మర్చిపోయాను. పెడల్ నిజంగానే రాయైపోయింది బావా. తప్పు నాది."

రెండుకీ మూడుకీ మధ్య బావ లిఫ్టు ఆపేశాడు. చెంప పగలగొడతాడేమో, కొడితే బాగుండును అనుకున్నాడు పెన్సిల్. బావ మాత్రం ఆ పంటిగాట్లని బొటనవేలితో తడిమాడు.

"అయితే నేను నిద్రపోలేదా?"

"అదేంటి బావా? పెడల్ దిగలేదని నువ్వే కదా చెప్పావు!"

"చెప్పాను. నాలుగు రోజులు చెప్పాను. తర్వాత ఇంతమంది అంటుంటే, నిజంగానే రెప్ప పడిందేమోలే అనిపించింది. ఇప్పటికీ ఆ గేటు కలలోకొస్తుంది. కళ్ళు తెరిచున్నానా మూసుకున్నానా అని చూసుకోబోతే మెలకువొచ్చేస్తుంది."

పైనా కిందా గంటలు మోగడం మొదలయ్యాయి. ఆ ఉద్యోగంలో ఒక్క నిమిషం కూడా ఎవర్నీ ఆపని మనిషి కదల్లేదు.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

"నువ్వు నిద్రపోలేదు బావా."

"పద, మీ అక్కకి చెప్పు. నేను చెబితే నమ్మదు."

అక్క ఇస్త్రీ చేస్తూ విన్నది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. "ఒప్పుకోమని పంపింది నేనే కదా" అని అలాగే నిలబడిపోయింది. చొక్కా కాలిన వాసన వచ్చేదాకా ఎవరికీ ఇస్త్రీపెట్టె సంగతి గుర్తు రాలేదు.

రాత్రికి రాత్రే షెడ్డుకెళ్ళి కొత్త గొట్టం బిగించి, మర్నాడు డాక్టరుగారి కూతురికి పెన్సిల్ అంతా చెప్పేశాడు. మొదటి ట్రయల్ బావని కొట్టనివ్వమని బతిమాలాడు. ఆవిడ లైసెన్సు ఉందా అని అడిగితే బావ జేబులోంచి తీసి చూపించాడు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా గడువు పొడిగించుకుంటూనే వచ్చాడట. స్టీరింగ్ ముందు కూర్చుని ఇంజను స్టార్ట్ చేసి, పెడల్ రెండుసార్లు తొక్కి చూసి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బావమరిదీ, ముందు నీ చెవి చూపించు."

పెన్సిల్ బుద్ధిగా తల తిప్పి చూపించాడు.

"ఉందిలే. అయితే బయల్దేరొచ్చు."

పెన్సిల్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అప్పుడే అక్క, ఎవరూ పిలవకుండానే వచ్చి, ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. ఆ గేటు దెబ్బ తర్వాత ఆవిడ ఆయన్ని సైకిలు కూడా తొక్కనిచ్చేది కాదు.

"రాత్రంతా కంటిమీద కునుకు లేదండీ. నేనో కునుకు తీస్తాను, చేరాక లేపండి" అని తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది.

బావ ఆవిడ వంక ఒకసారి చూసి, గేరు వేశాడు.