అమ్మ తడబడిన ఆదివారం

మా అమ్మకు గర్వం జాస్తి. ఆళ్లగడ్డలో మా చర్చిలో ఆదివారం బైబిలు వాక్యం చదివేది ఆమే. సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసి బహుమతులన్నీ కొట్టేసిన మనిషి. ఒకసారి చెవిన పడితే చాలు, ఇక మరిచిపోవడమన్నది లేదు. ఏ భాగం చదవాలో పాస్టరు వారం ముందే చెబుతాడు. కొంతకాలంగా శనివారం సాయంత్రాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ భాగం పైకి చదవమనేది. అమ్మకు భక్తి ముదిరిందనుకున్నాను. బడిలో పాఠాలు చెప్పేదాన్ని, పైకి చదవడం నాకూ సరదాయే.

షుగర్ ఉన్నవాళ్లకు కంటి పరీక్షలు చేస్తామని నంద్యాల నుంచి కొందరు మా ఊరికి వచ్చారు. అమ్మకు చాన్నాళ్లుగా షుగర్ ఉంది. అయినా కళ్లు బాగుంటే పరీక్ష ఎందుకని మొండికేసింది. బాగున్నప్పుడే చూపించుకోవాలని నేనూ గొంతు పెంచాను. చివరికి మూతి ముడుచుకుని వచ్చింది.

వరుసలో ముందున్నవాళ్లు గోడకు తగిలించిన అట్ట మీది అక్షరాలు గట్టిగా చదువుతున్నారు. అమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను. తన వంతు రాగానే ఒక కన్ను మూసుకుని చిట్టచివరి వరుస దాకా గడగడా చెప్పేసింది. పరీక్ష చేసే అమ్మాయి చేతిలోని పుల్ల ఇంకా పై వరుస మీదే ఉంది.

"సూస్తివా, ఒక్కటి గూడా తప్పు పోలే," అంది నాతో.

నేనూ పొంగిపోయాను. కానీ అక్షరాలు ఎంత బాగా చదివినా, షుగర్ ఉంటే కంటి లోపల ఫోటో తీయాల్సిందేనట. ఫోటోలో రెటీనా మీద రక్తపు చుక్కలు, మధ్యలో వాపు కనిపించాయి. ఆ అమ్మాయి ఫోటో వంక, అమ్మ వంక మార్చి మార్చి చూసి, అట్టను తిరగేసి వేరే అక్షరాలు చూపించింది. అమ్మ కళ్లు చిట్లించి చూసి, పైన ఉన్న పెద్ద అక్షరం దాటి ముందుకు పోలేకపోయింది. అప్పుడు నాకు శనివారాల సంగతి అర్థమైంది. ఒళ్లు మండింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

నంద్యాలలో డాక్టరు ఏమీ దాచలేదు. ఇలాగే వదిలేస్తే చదవడమన్న మాట మరిచిపోవాలన్నాడు. ఇప్పుడైతే కాపాడే అవకాశం ఉంది, కంట్లో సూదులు వేయాలి, షుగర్ అదుపులో పెట్టుకోవాలి అన్నాడు. కంట్లో సూది అనగానే అమ్మ లేచి చెప్పులు వెతుక్కుంది. నేను వాకిలికి అడ్డం నిలబడ్డాను.

"పోతే పోమ్మా. నువ్వు సూడకనే సదువుతాండావని ఆదివారం అందరి ముందర నేనే చెప్తా."

నన్ను నమిలి మింగేసేలా చూసి, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఆ తర్వాత చాలాసార్లు నంద్యాల బస్సెక్కాం. మొదట్లో దారి పొడుగునా నాతో మాట్లాడేదే కాదు. ఒకరోజు తిరిగొస్తుంటే కిటికీలోంచి ఒక అంగడి బోర్డు చదివి, అక్షరాలు తప్పు రాశారని ఆ రాసినవాణ్ణి తిట్టింది. అంత కమ్మటి తిట్టు నేనెప్పుడూ వినలేదు.

ఆ శనివారం అలవాటు కొద్దీ పుస్తకం తీయబోతే ఆపింది.

"ఈ తూరి నువ్వు సదవాకు. ఏది సదవాల్నో ఆడ నిలబడినంకనే చెప్పమని పాస్టరయ్యతో చెప్పినా."

పాస్టరు ఇచ్చిందేమో నోరు తిరగని పేర్లతో నిండిన వంశావళి. అమ్మ కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టింది. కాసేపటికే ఒక పేరు దగ్గర తడబడింది. ఆగి, పుస్తకం మీదికి వంగి, వేలు పెట్టి, అక్షరాలు కూడబలుక్కుని ముందుకు సాగింది. మళ్లీ తడబడింది. నా వెనక కూర్చున్న ఒకావిడ, "పాపం, పెద్దదైపాయ, మునుపటి మాదిరి సదవలేకపోతాంది," అని గొణిగింది.

నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. ఇన్నాళ్లూ ఒక్క పొల్లు పోనివ్వని మా అమ్మ ఆ రోజు తప్పుల మీద తప్పులు చదివింది. చూసి చదివింది.