సుష్మ వంతు మూడు వందల పదమూడు

వెంకటముని సారుకు ఏదైనా సంఖ్య కనిపిస్తే, దాన్ని ఏది భాగిస్తుందో తేల్చందే ముద్ద దిగదు. మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు హైస్కూలు చేరేలోపు టికెట్టు నంబరును ముక్కలు ముక్కలు చేసేవాడు. హోటల్లో ఆరు ఇడ్లీలు పెడితే ఒకటి వెనక్కిచ్చేవాడు. ఐదైతే ప్రధాన సంఖ్య. ఒకటీ, తానూ తప్ప దాన్ని ఇంకేదీ భాగించదు. ఆకలి తీరకపోతే ఏడు తినేవాడు గానీ, ఆరు ముట్టేవాడు కాదు.

కుప్పంలో పెళ్లికి పోతే లాడ్జివాడు ఇరవై ఒకటో గది ఇచ్చాడు.

"ఇది వద్దప్పా. దీంట్లో మూడూ ఏడూ దూరతాయి."

"జాలీ కొట్టించుండా సామీ, దోమ కూడా దూరదు."

సారు వరండాలో పడుకున్నాడు.

అన్నిట్లోకీ ఆయన ప్రాణం 99991. ఐదంకెల ప్రధాన సంఖ్యల్లో అదే పెద్దది. నల్లబల్ల మూల దాన్ని రాసి, కింద "చెరపరాదు" అని పెట్టాడు. 1996లో తనిఖీకొచ్చిన అధికారి దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"దీంతో దేశానికేం ప్రయోజనమయ్యా?"

"అన్నదమ్ములు పొలం గెట్టు జరిపి కొట్టుకుండే ఊర్లు సార్ ఇవి. ఎవురి భాగానికీ రానిది ఇదొకటే ఉండాది."

అధికారి కాఫీ తాగి, "బోధన సంతృప్తికరం" అని రాసి వెళ్లిపోయాడు.

ఆ సంవత్సరం తొమ్మిదో తరగతిలో అరవై ఐదు మంది చేరేసరికి సారు పండగ చేసుకున్నాడు. 99991 ప్రధానమని రుజువు చేయడానికి 2 నుంచి 313 వరకున్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి సరిగ్గా అరవై ఐదు! తర్వాతది 317. దాన్ని దానితోనే గుణిస్తే లక్ష దాటిపోతుంది కాబట్టి దాని అవసరం లేదు. పిల్లలకు తలా ఒకటి పంచాడు. హాజరుపట్టీలో ఆఖరి పేరు సుష్మది. ఆమె వంతు 313.

అరవై నాలుగు భాగహారాల్లోనూ శేషం మిగిలింది. సుష్మ మాత్రం బడి మానేసింది. పెద్దపంజాణి దగ్గర పల్లెలో తల్లి మారెమ్మతో టమోటా కోతలకు పోతోంది. చదువు ఇక లేదని మనసు రాయి చేసుకుంది.

ఆదివారం సారు గొడుగేసుకుని తోటలోకే వచ్చాడు.

"మారెమ్మా, నీ కూతురు రాక నా రుజువు నిలిచిపోయిండాది."

"ఆ ఒక్కటీ మీరే భాగించుకోండి సామీ."

"ఒకరి వంతు ఇంకొకరు చేస్తే అది దొంగలెక్క."

వరసగా మూడు ఆదివారాలు వచ్చాడు. నాలుగో ఆదివారం గట్టు మీద గొడుగు కనపడగానే మారెమ్మ చేతులెత్తేసింది.

"ఈయప్పతో పడలేను. పోయి ఆ లెక్క చేసిచ్చి రా పాపా."

సుష్మ సోమవారం వెళ్లి బల్ల మీద భాగించింది. మూడు వందల పంతొమ్మిది సార్లు పోయి, 144 మిగిలింది. తరగతంతా చప్పట్లు. సుష్మకు మాత్రం ఏడుపొచ్చింది. లెక్క అయిపోయింది, ఇంక ఇంటికి పోవాలి.

"యాడికి పోతావు?" అన్నాడు సారు. "రేపు సరిచూడాల."

ఆ సరిచూడటం పదో తరగతి పరీక్షల దాకా సాగింది.

అది మొదలైన నెలలోనే గొర్రెలు మేపే మునిచంద్ర అరవై ఆరోవాడుగా వచ్చి కూర్చున్నాడు. సారు అతన్ని బల్ల దగ్గరికి పిలిచి 317 రాశాడు. సుష్మ దిగ్గున లేచింది.

"సార్, 317 అక్కర్లేదని మీరే చెప్పినారు గదా!"

సారు గబగబా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మెల్లిగా అనమ్మా. ఆ సంగతి వాళ్ల నాయనకు ఇంకా తెలీదు."

సుష్మ నవ్వు ఆపుకుని, మునిచంద్రకు సుద్దముక్క అందించింది.